వానకు ముఖమిచ్చిన మాత

పోయిన నెల ఒక మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చబోతున్న వేళకు మా అన్న కొడుకు ఊరి నుంచి వీడియో కాల్ చేశాడు. వాడు పండుగలకో చావులకో తప్ప ఫోను చేసే రకం కాదు కనుక ఎవరికేమైందోనని గబుక్కున ఎత్తాను. తీరా చూస్తే ఫోనులో వాడి ముఖం లేదు, దుమ్ము ఉంది. ఆ దుమ్ములోంచి మెల్లగా ఒక రాతిగోడ, గోడ మీద పలుగులు పట్టుకున్న ఇద్దరు మనుషులు, వాళ్ళ వెనక ఆకాశం కనిపించాయి. అది మా ఊరి గుడి అని గుర్తుపట్టడానికి నాకు కాస్త సమయమే పట్టింది, ఎందుకంటే ఆ గుడిలోంచి ఆకాశాన్ని అంత పెద్దగా చూసిన అలవాటు నాకు లేదు. పైకప్పు విప్పేశారు. పాత గుడి తీసేసి కొత్తది కడతారని ఏడాదిగా అనుకుంటున్నదే, చందా కూడా పంపాను, అయినా కళ్ళారా చూసేసరికి ఫోనును ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాను. వాడు ఫోను అటూ ఇటూ తిప్పి అన్నీ చూపించి, ఆఖరున గోనెపట్ట మీద నిలబెట్టిన మరియమాత స్వరూపాన్ని చూపించి, "అత్తా, కొత్త మాతకు ఆర్డరిచ్చినాము, ఫైబరుది, చుట్టూ లైట్లొస్తాయి. ఈ పాతదాన్ని ఏం చేద్దామని ఫాదర్ అడుగుతాండాడు. ఇంగ పీఠం మీద పెట్టేది లేదంట" అన్నాడు.

నేను వచ్చేదాకా ఆమెను కదిలించవద్దని చెప్పి ఫోను పెట్టేశాను గానీ, ఆ పూట నుంచి నాకు కుదురు లేదు. పడుకుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే దేనికి లేచానో గుర్తుండదు. వంటింట్లోకి పోయి ఉత్త చేతులతో తిరిగి రావడం, బీరువా తీసి మళ్ళీ మూయడం, ఆరిన బట్టలు తెచ్చి మళ్ళీ దండెం మీదే వేయడం, ఇదే వరస. ఆసుపత్రిలో నర్సుగా బతుకంతా నిలబడే గడిపినదాన్ని, ఊరికే కూర్చోవడం నాకెటూ చేతకాదు, దానికి ఇది తోడైంది. ఉద్యోగాలు అయిపోయాక నందికొట్కూరులో చిన్న ఇల్లు కట్టుకొని ఉంటున్నాము నేనూ మా ఆయనా. ఆయన వరండాలో పేపరు చదువుతూ కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి, "ఏమ్మే, కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు, పొద్దున్నే బస్సెక్కి పోరాదా, ఎవురొద్దన్నారు" అన్నారు. ఆయన వాళ్ళది తరాల నాటి ప్రొటెస్టెంటు కుటుంబం, వాళ్ళ గుళ్ళలో గానీ ఇళ్ళలో గానీ స్వరూపాలు ఉండవు. అయినా నా ఆరాటం దేనికో ఆయనకు తెలుసు, పెళ్ళయిన నాటి నుంచి ఆ కథ ఎన్నిసార్లు విన్నారో.

మా ఊరికి ఎర్రగుంట్లలో దిగి లోపలికి పోవాలి. పైన నల్లరేగడి, దాని కింద నాపరాయి. ఎక్కడ తవ్వినా బండ తగులుతుంది గనుక మా వైపు ఇల్లయినా గుడయినా, చివరికి పశువులు నీళ్ళు తాగే తొట్టయినా రాతిదే. మొదట్లో మా గుడి బోదగడ్డి కప్పిన కొట్టమట, గొప్ప కరువులో గంజి పోసి మా వాళ్ళను బతికించిన ఒక దొరసామి, అంటే తెల్ల ఫాదరు, వేయించాడట. ఆయన తర్వాత వచ్చిన ఇంకో దొరసామి కాలంలో ఊళ్ళోవాళ్ళే గనుల నుంచి బండ్లతో రాళ్ళు తోలి, ఇంటికొక మనిషి చొప్పున పనిచేసి, మట్టితో గోడలు లేపి, వేపదూలాల మీద బండలు పరిచి మిద్దె వేశారు. ఈ సంగతులన్నీ మా తాత చెప్పేవాడు. ఆయన ఊరికి ఉపదేశి, అంటే ఫాదరు రాని ఆదివారాలు జపాలు చెప్పించి, పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పి, చావులకు ముందుండి జపం చెప్పే మనిషన్నమాట. ఫాదరు పట్నం నుంచి నెలకొకసారి వచ్చేవాడు, మిగిలిన ఆదివారాలన్నీ తాతవే.

మట్టిమిద్దెలు నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. బండల మీద చవుడు మన్ను పోసి దిమ్మిస చేస్తే చుక్క దిగదు, కానీ ఏటా వానలకు ముందు కొత్త మన్ను పోయకపోతే అదే మిద్దె జల్లెడవుతుంది. గుడి మిద్దెకు ప్రతి ఇంటి నుంచీ ఒక గంప చవుడు రావాలని ఊరి కట్టుబాటు. గంప ఎవరిది పెద్దది, ఎవరిది చిన్నది అని ఆడవాళ్ళ మధ్య ఆ వారమంతా ఎత్తిపొడుపులు నడిచేవి. గుడికి కిటికీలు లేవు. పీఠానికి సరిగ్గా పైన మిద్దెలో గవాక్షి ఉండేది, మా వాళ్ళు గవాచ్చి అనేవారు, పొద్దున పూజ వేళకు అందులోంచి వెలుతురు నేరుగా పీఠం మీద పడేది. వాన చినుకు పడితే ఎవరో ఒకరు గబగబా మిద్దెనెక్కి దాని మీదికి బండ జరపాలి. ఆ పని మా మేనత్తది.

మేనత్త అంటే తాత కూతురు, మా నాయనకు అక్క. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి, ఇక ఆ గుడినే సంసారం చేసుకుంది. తాళంచెవి ఆమె కొంగుకే ఉండేది. నాపరాతి పీఠాన్ని రోజూ తడిగుడ్డతో తుడిచేది, ఆముదం దీపం ఆరిపోకుండా చూసేది, ఇత్తడి దీపస్తంభాలను చింతపండుతో తోమేది, నేల మీద పరిచే చాపలను పండుగకు ముందు ఎండేసేది. గంట అంటే మాకు వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క, దాన్ని కొట్టే ఇనపకడ్డీని కూడా ఎవరూ ముట్టుకోకుండా పీఠం వెనక దాచేది. ప్రభువు సిలువ మోస్తూ పడుతూ లేస్తూ నడిచిన ఘట్టాలను వరసగా చూపే సిలువమార్గం పటాలు గోడల పొడుగునా ఉండేవి. ఒకసారి సున్నం కొట్టడానికి దించిన పటాలను ఎవరో వరస తప్పి తగిలించారు, దాంతో మా ఊళ్ళో ప్రభువు మూడోసారి పడిన తర్వాతే రెండోసారి పడేవాడు. మేకులు కదిలిస్తే గోడ రాలుతుందని అత్త ఎవరినీ మార్చనీయలేదు, మేమూ పటాలు ఎలా ఉంటే అలాగే జపం చెప్పుకుంటూ పోయేవాళ్ళం, తాత ఒక్కడే ఆ రెండు పటాల దగ్గరికి రాగానే దగ్గేవాడు.

ఇక మాత. ఆమె దొరసాముల దేశం నుంచి ఓడలో, ఆ తర్వాత రైల్లో ఎర్రగుంట్ల దాకా వచ్చి, అక్కడి నుంచి ఎద్దులబండి మీద ఊరికి చేరిందని తాత వాళ్ళ నాయన చూశాడట. ఏడెనిమిదేళ్ళ పిల్లంత ఎత్తు, నీలం ముసుగు, తెల్లని ముఖం, కిందికి చూసే కళ్ళు. సీమ కట్టెతో చేశారని ఊరంతా చెప్పుకునేవారు. పండుగనాడు నలుగురు మగవాళ్ళు తలపాగాలు చుట్టుకొని ఆమెను పల్లకీలో మోసేవారు. స్వరూపం అడుగున లావుపాటి కట్టెపీట మేకులతో బిగించి ఉండేది, ఆ పీటను ఇద్దరు మగవాళ్ళు పట్టి ఎత్తితేనే పల్లకీలోకి ఎక్కేది. ఏటా ఆమెకు ఎవరి చీర కట్టాలన్న దాని మీద కూడా తగవులే, కానీ ఆమెను ఎత్తే హక్కు మాత్రం మగవాళ్ళది, అందులోనూ నాలుగిళ్ళ వాళ్ళది, దాని గురించి ఎవరూ ఎప్పుడూ నోరెత్తలేదు.

నేను పావడా మీద పైట వేసుకోవడం మొదలుపెట్టిన ఏడు అనుకుంటాను, ముంగారు వాన పూర్తిగా మోసం చేసింది. విత్తే గొర్లు కట్టేవాళ్ళు లేరు, విత్తనాలు ఇళ్ళలోనే పురుగు పడుతున్నాయి, బావి అడుగున మట్టినీళ్ళ కోసం ఆడవాళ్ళు జుట్లు పట్టుకునే దాకా వచ్చింది. పక్క ఊళ్ళో శివాలయం తూము మూసి లింగం మునిగేదాకా నీళ్ళు పోశారు. మా ఊరి మగవాళ్ళు కూడా పోయి కడవలు అందించారు, ఆకలి దగ్గర మీ దేవుడు మా దేవుడు అని ఎవరనుకుంటారు. అయినా మబ్బు కనపడలేదు. అప్పుడు మా గుడి ముందు పంచాయితీ కూర్చుంది. మాతకు కూడా నీళ్ళు పోద్దామని ఒకరు, ఉపవాసాలుందామని ఇంకొకరు. మా మేనత్త మగవాళ్ళ మధ్యలోకి వచ్చి మాట్లాడడం నేను అదే మొదటిసారి చూశాను. "చల్లని మిద్దె కింద నీడలో నిలబడుకోనుండే తల్లికి మన ఎండ యాడ తెలుస్తాది? చేన్లో నిలబెడదాం. కాలితే తెలుస్తాది" అంది.

తాతకు అది నచ్చలేదు. ఫాదరుకు చెప్పకుండా స్వరూపాన్ని గుడి దాటిస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు, ఉపదేశిపని పోతుంది. కానీ మరునాడు పొద్దున పల్లకీ లేచినప్పుడు సిలువ పట్టుకొని ముందు నడిచింది ఆయనే. మా చేన్లోనే, గెనిమ గట్టు పక్కన, ఒక నాపబండ మీద ఆమెను నిలబెట్టారు. అత్త పెట్టిన షరతు ఒకటే, ఆమెకు గొడుగు పట్టకూడదు, ఆమె ముందు కూర్చునేవాళ్ళూ గొడుగు పట్టుకోకూడదు. వాన పడిన రోజే ఆమె తిరిగి గుడికి రావాలి, అదీ మొక్కు. ఆడవాళ్ళు వంతులు వేసుకొని కొంగులు కప్పుకొని జపమాల తిప్పుతూ కూర్చునేవారు. నేనూ అత్త పక్కన కూర్చున్నాను. నెర్రెలిచ్చిన నల్లమట్టిలోంచి సెగ మొహానికి కొడుతుంటే, రంగు వేడెక్కి మాత దగ్గర్నుంచి వార్నిషు వాసన వచ్చేది. ఆమె ముఖం వైపు చూడాలంటే నాకు భయం వేసేది, మనం మరీ బలవంతం చేస్తున్నామేమోనని.

అలా ఎన్ని రోజులు గడిచాయో లెక్క గుర్తులేదు గానీ, ఒక సాయంత్రం పడమటి నుంచి మబ్బు లేచింది. మొదట గాలి, వెంటనే దుమ్ము, ఆ దుమ్మును అణిచేస్తూ రూపాయి బిళ్ళలంత చినుకులు. చెబితే నమ్మరు, ఊరికి మతి పోయింది. పిడకలు లోపలికి చేరవేసేవాళ్ళు, దూడలను విప్పేవాళ్ళు, వసారాల కింద బానలు పెట్టేవాళ్ళు, ఏ పనీ లేక నడివీధిలో నిలబడి తడిసేవాళ్ళు. మా నాయన గొర్రు భుజాన వేసుకొని, ఆ వానలో ఎక్కడికి పోవాలో తెలియక గడపలోనే నిలబడ్డాడు. మేనత్త మాత్రం తొలిచినుకుకే గుడి వైపు పరుగెత్తింది. నిచ్చెన ఎక్కి, మిద్దె మీద గవాక్షికి బండ జరిపి, పీఠం తడవకుండా కాపాడి, ఆ బండ మీదే కూర్చొని వానలో ఏడ్చిందట. ఎన్నో ఏళ్ళుగా వానంటే ఆమె ఒంటికి తెలిసిన పని అదొక్కటే.

చీకటి పడబోతుండగా వాన కాస్త తెరిపి ఇచ్చింది. రైలుపట్టా మోగింది. తడిబట్టలతోనే ఊరంతా గుడిలోకి వచ్చి పడింది, అందరి నెత్తుల నుంచీ నీళ్ళు కారుతున్నాయి, ఎవరో కృతజ్ఞత పాట ఎత్తుకున్నారు, అందరం గొంతు కలిపాము. ముందువరుసలో గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పీఠం పొడిగా, శుభ్రంగా ఉంది. దాని మీద ఎవరూ లేరు.

మగవాళ్ళు అత్త తెచ్చి ఉంటుందనుకున్నారు, అత్త మగవాళ్ళు మోసుకొచ్చి ఉంటారనుకుంది. ఆ వేళ వంతులో కూర్చున్న మా పెద్దమ్మ, నలుగురు మోయవలసిన తల్లిని ఒక్కదాన్ని ఎట్లా ఎత్తుదునని, మనుషుల్ని పిలవడానికి ఊళ్ళోకి పరుగెత్తి, దారిలో తన ఇంటి మిద్దె కారుతుండడం చూసి అక్కడే ఉండిపోయింది. అందరం చేనికి ఉరికాము. మోకాళ్ళ దాకా బురద. మాత నిలబడే ఉంది, చీర ఒంటికి అతుక్కొని ఉంది, కానీ ముఖం లేదు. ముక్కు, కళ్ళు, పెదవులు అన్నీ కరిగి, తెలుపూ నీలమూ కలిసి గుండెల మీదుగా కారి ఉన్నాయి. భుజం దగ్గర పెచ్చు లేచిన చోట పొరలు పొరలుగా కాగితం, ఆ కాగితం మీద మాకు తెలియని ఏదో భాషలో అచ్చక్షరాలు. ఎవరో వెనక నుంచి, "సీమ కట్టె అనిరి కదప్పా, ఇది సీమ కాయితం" అన్నారు. అత్త వంగి చేతులు వేయగానే నానిన కాగితం మేకుల దగ్గర ఊడి, పీట కిందే ఉండిపోయి, మాత ఆమె చేతుల్లోకి వచ్చేసింది. పసిబిడ్డంత తేలిక. ఇన్నేళ్ళూ నలుగురు మోసింది ఆమె బరువును కాదని మాకు అప్పుడు తెలిసింది. ఆ పీటను ఊడబెరికి ఉంటే మా పెద్దమ్మ ఒక్కతే చంకన వేసుకొని వచ్చేయగలిగి ఉండేది, ఆ ఆలోచన ఆమెను చచ్చేదాకా తిన్నది.

ఆ వారం మా ఊళ్ళో ఎంత సంతోషమో అంత దిగులు. పగలంతా చేలల్లో గొర్లు నడిచేవి, ఎద్దులను అదిలించే కేకలు వినపడేవి, సాయంత్రం గుడి దగ్గరికి వచ్చేసరికి అందరి గొంతులూ పడిపోయేవి. అత్త మాతను ఎండలో పెట్టకుండా, గాలి తగిలే నీడలో, మెత్తని పాతచీరలు అద్ది అద్ది ఆరబెట్టింది. బాలింత దగ్గరికి పోయినట్టు ఆడవాళ్ళు అడుగుల చప్పుడు కాకుండా వచ్చి చూసి పోయేవారు. ఆరిన తర్వాత ఆమెను మళ్ళీ పీటకు బిగించి, ఎర్రంచు చీర కట్టి, పీఠం మీద తన చోటనే నిలబెట్టింది. పనులన్నీ అయ్యాక, ఫాదరు వచ్చే ఆదివారం గుర్తొచ్చి భయం మొదలైంది.

ఫాదరు కేరళ వైపు మనిషి, మంచివాడే గానీ మాట కచ్చితం. వచ్చి చూసి, విషయం విని, తాత వైపు ఒక చూపు చూసి, పాడైపోయిన స్వరూపాన్ని పూజాపీఠం మీద ఉంచడం పద్ధతి కాదనీ, గౌరవంగా భూమిలో పూడ్చిపెట్టమనీ, మద్రాసు నుంచి కొత్తది తెప్పిస్తాననీ చెప్పాడు. తాత తలవంచుకొని నిలబడ్డాడు. అత్త గుడి వాకిట్లో అడ్డంగా కూర్చుంది, ఆమె పక్కన మా పెద్దమ్మ, వాళ్ళ వెనక ఊరి ఆడవాళ్ళంతా. "వాన అడిగితిమి సామీ, మొగమిచ్చి వాన ఇచ్చింది. ఇప్పుడు మొగం బాగలేదని పూడ్చిపెడితే మాకంటే పాపాత్ములుంటారా?" అంది అత్త. ఆయన కనీసం కొత్త ముఖమైనా గీయిద్దామని ఒక మెట్టు దిగి, మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

చెప్పినట్టే తర్వాతి వారం ప్రొద్దుటూరు నుంచి ఒక పెయింటరును పంపాడు. పాపం ఆయన సినిమా బోర్డులూ, సంక్రాంతికి ఎద్దుల కొమ్ములకు రంగులూ వేసే మనిషి, రంగుడబ్బాలతో ఎండలో నడిచి వచ్చాడు. అత్త ఆయనను ఇంటికి పిలిచి, జొన్నసంగటి ముద్దలు పెట్టి, ఊరిబిండి పచ్చడి వేసి, మజ్జిగ పోసి, వచ్చినందుకు ఊరికే పోవద్దని చెప్పి, గుడి తలుపుకు రంగు వేయమంది. ఆయన తెచ్చిన నీలం రంగంతా తలుపుకే అయిపోయింది. మరుసటి నెల ఫాదరు వచ్చి, ధగధగలాడే నీలం తలుపు ముందు ఆగి, లోపలికి తొంగిచూసి, ముఖం లేని మాతను చూసి, మళ్ళీ తలుపును చూసి, ఒక్కసారి పగలబడి నవ్వాడు. ఆ రోజు పూజలో ఆయన ప్రసంగం గుర్తులేదు గానీ, పూజ అయ్యాక మాత ముందు మోకరించి లేచిన తర్వాత ఆమెను తీసేయాలన్న మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. తాత ఉపదేశిపని నిలిచింది. ఆ ఏడు జొన్న బాగా పండింది.

అప్పటి నుంచి ఆమె మాకు వానమాత. పుట్టిన పిల్లలకు ఆమెను అలాగే చూడడం అలవాటైపోయింది. కళ్ళు ఎక్కడికి పోయాయని అడిగిన పిల్లలకు, చేన్లోకి పోయినాయి, పైరును చూసుకుంటాండాయి అని చెప్పేది అత్త. నేను నర్సు చదువుకు పోయేటప్పుడు, పెళ్ళయి పోయేటప్పుడు ఆ పీఠం ముందే నిలబడ్డాను. స్వరూపాలు లేని ఇంటికి పోతున్నానని నేను బెంగపడితే, ఆమె ఈ ఊరి మనిషి, నీ వెంట రాదులే, నువ్వే వచ్చి చూసిపో అని అత్త నవ్వింది. అత్త పోయిన తర్వాత తాళంచెవి చేతులు మారుతూ వచ్చింది. నేను వెళ్ళడమూ తగ్గింది, ఆ మాట చెప్పుకోవాలి.

మొత్తానికి మరునాడే బయలుదేరాను. నంద్యాల దాకా బస్సు, అక్కడి నుంచి ఎర్రగుంట్ల రైలు. కిటికీ పక్కన కూర్చొని కూడా బయట ఏమీ చూడలేదు, ఊళ్ళో ఈ కాలం పిల్లలతో ఎలా వాదించాలా అనే ఆలోచనే. కరువు సంగతి ఇలా చెప్పాలి, అత్త మాటలు ఇలా గుర్తుచేయాలి, కొత్త ఫాదరు కాదంటే ఇలా అనాలి, అవసరమైతే నేనూ వాకిట్లో కూర్చోవాలి అని మనసులో వల్లెవేసుకుంటూనే ఉన్నాను. స్టేషనుకు మా అన్న కొడుకు బండి తెచ్చాడు. దారి పొడుగునా సిమెంటు లారీలు, రోడ్డు పక్క చెట్లన్నీ బూడిద రంగు. మా చేను ఉన్న వైపు ఇప్పుడు గని, నీళ్ళు నిలిచిన పెద్ద గుంత. వాడు ఫ్యాక్టరీలో లోడింగు దగ్గర సూపర్‌వైజరు, ఊళ్ళో సగంమంది అక్కడే, మిగిలినవాళ్ళు లారీల మీద. చేలున్న కొద్దిమందికి బోర్లున్నాయి. ఇంటింటికీ కొళాయి ఉంది. చూస్తే సంతోషమే వేసింది, ఆ నీళ్ళ కోసం జుట్లు పట్టుకున్న ఆడవాళ్ళను చూసినదాన్ని నేను.

విప్పుతున్న పాత గోడల పక్క జాగాలో కొత్త గుడికి పునాదులు ఎప్పుడో అయిపోయి, కడ్డీలు లేచి, స్లాబుకు చెక్కలు కొడుతున్నారు. పక్కన షామియానా కింద పూజలు జరుపుకుంటున్నారు. కొత్త ఫాదరు చిన్నవాడు, మర్యాదస్తుడు, నాకు కుర్చీ తెప్పించాడు. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను. కరువు సంగతంతా చెప్పి, అసలు వాదన ఇంకా ఎత్తుకోనే లేదు, ఆయన శ్రద్ధగా విని, "ఎంత మంచి కథ అమ్మా, మాకెవరూ చెప్పనే లేదు. అయితే మీ దగ్గరే ఉండడం న్యాయం, భద్రంగా చూసుకుంటారు" అన్నాడు. మా అన్న కొడుకు ముఖం వికసించింది. "అవునత్తా, తీసుకోని పో, ఎవురూ ఏమనుకోరు" అన్నాడు. వాడి భార్య అప్పటికే పాత దుప్పటి, దాని మీద ప్లాస్టిక్ కవరు సిద్ధం చేసి ఉంచింది. నేను ఆమె చోటు కోసం వచ్చానయ్యా, ఆమె కోసం కాదు అని చెప్పాలనుకున్నాను. చుట్టూ చూశాను. అడ్డంగా కూర్చునే మనిషి కాదు గదా, కాదనే మనిషి కూడా ఒక్కరు లేరు. ఎంత ప్రేమగా ఇచ్చారంటే, తగవు పెట్టుకోవడానికి నాకు చోటు దొరకలేదు. నా ఒళ్ళు మండింది, అదీ ఎవరి మీదో తెలియకుండా మండింది.

ఆ సాయంత్రం షామియానా కింద పూజలో విశ్వాసుల ప్రార్థన వేళ మా అన్న కొడుకు లేచి, స్లాబు పడేదాకా వాన రాకుండా కాపాడమని ప్రభువును వేడుకున్నాడు. అందరూ ఒక్క గొంతుతో మా మొర ఆలకించండి అన్నారు. పీట తీసేసి దుప్పటి చుట్టిన మాతను ఒళ్ళో పెట్టుకొని నేను వెనక కూర్చున్నాను. వాడు తప్పేమీ అడగలేదు, తడి స్లాబు మీద వాన కొడితే చందాలన్నీ మట్టిపాలవుతాయి. అయినా నా నోరు తెరుచుకోలేదు.

తిరుగు ప్రయాణంలో రైల్లో ఆమె నా ఒళ్ళోనే ఉంది. ఎదుటి సీటులో ఒకామె మనవరాలికి బొమ్మ తీసుకుపోతున్నానా అని అడిగింది, అవునన్నట్టు తలూపాను. ఇంటికి వచ్చి వరండాలో దించితే మా ఆయన దుప్పటి విప్పి చూశారు. "మా నాయనుండి ఉంటే నిన్నూ నీ మాతనూ కలిపి బయటికి పంపించుండు" అని నవ్వి, తన పేపర్లూ మందులూ ఉండే బల్ల ఖాళీ చేసి, ముందు గదిలో కిటికీ పక్కన వేశారు. అత్త కట్టినట్టే చీర కట్టాను. ముఖం లేని ఆ తల్లిని, ఎవరూ మోకరించని ఆ గదిలో చూస్తుంటే నాకు మళ్ళీ కాళ్ళు నిలవలేదు, ఇంట్లో ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూనే ఉన్నాను.

నాలుగు రోజుల తర్వాత సాయంత్రం నందికొట్కూరులో మబ్బు పట్టి, గాలి లేచి, వాన దంచి కొట్టింది. మా ఆయన పరుగున వచ్చి బల్లను కిటికీ దగ్గర్నుంచి లోపలికి జరుపుతూ, "ఈడొద్దులే, జల్లు కొడతాది. మిగిలుండేది గూడా పోతాది" అన్నారు. నేను కిటికీ రెక్కలు మూసి గడియ పెట్టి, తడిసిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఆమె ఎదుట నిలబడ్డాను. ఏదైనా జపం చెప్పుకుందామనే నిలబడ్డాను. కానీ మనసులోకి మొదట వచ్చిన మాట వేరు. ఊళ్ళో స్లాబు పడిందో లేదో, ఈ వాన అక్కడ పడకుండా ఉంటే బాగుండును తల్లీ అని ఆమెనే అడిగాను.